గోడలు దిద్దిన మాస్టారు

సోమవారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా కట్టుబడిలో ఉన్న సొంతింటికి వెళ్ళాలి. గాలి కోసం గోడలకు ఎక్కడెక్కడ కన్నాలు కొట్టాలో మేస్త్రీ పెన్సిల్‌తో గుండ్రాలు గీసిపెట్టాడు. వాటిని చూసి గుర్తులు పెట్టాలి. ఎనిమిదిన్నరకు బడిలో ఉండాలి. ఇందులో ప్రమాదం ఎక్కడుందో ఎంత తెలివైనవాడూ చెప్పలేడు. మాస్టారి చొక్కా జేబులో ఒక ఎర్ర సుద్దముక్క మాత్రం ఉంది.

ఇల్లు లోపల సగానికి పైగా అయింది. ప్లాస్టరింగ్ ఆరింది. కరెంటు పైపులు గోడల్లోకి వెళ్ళాయి. తలుపులు ఇంకా బిగించలేదు కాబట్టి హాల్లో గోడకు ఆనుకుని వంతు కోసం చూస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. ఈ వారం కన్నాలు కొట్టేస్తే వచ్చేవారం పుట్టీ, ఆపైన రంగులు. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు కష్టాల గురించి చెప్పారు కానీ గాలి గురించి ఎక్కడా చెప్పలేదు. ఆ లోటు మాస్టారి భార్య తీర్చింది.

ఆవిడ ఇరవై ఒక్క ఏళ్ళుగా అద్దింట్లో మెట్ల కింద వంట చేస్తోంది. ఆ వంటింటికి కిటికీ లేదు. మూకుట్లో నూనె వేడెక్కిన మరుక్షణం ఆవిడకు దగ్గు మొదలవుతుంది, అన్నాలు తిని గిన్నెలు కడిగేదాకా ఆగదు. కొత్తింటి గురించి మాట వచ్చినప్పుడు ఆవిడ ఒకే ఒక్కసారి మాట్లాడింది.

"నేలకి ఏ రాయి వేయించుకుంటారో మీ ఇష్టం. గోడలకి ఏ రంగు పూయించుకుంటారో మీ ఇష్టం. వంటింట్లో మాత్రం గాలి ఆడాలి. ఆడకపోతే ఆ ఇంట్లో మీరొక్కరే కాపురం చేసుకోండి. నేను ఈ మెట్ల కిందే ఉంటాను. ఆదివారం వచ్చి చూస్తాను."

ఈ మాటలు ఆవిడ కూరగాయలు తరుగుతూ, గొంతు పెంచకుండా అంది. మాస్టారికి భయం వేసింది. అరిచి బెదిరించేవాళ్ళతో ఆయనకు బడిలో రోజూ పనే. నెమ్మదిగా చెప్పేవాళ్ళు అన్నంత పనీ చేస్తారని అనుభవం.

కొత్తింట్లోనూ వంటింటికి ఒక పక్క మెట్లు, ఇంకో పక్క నీళ్ళ ట్యాంకు దిమ్మ వచ్చి, ఇక్కడా కిటికీకి చోటు లేకుండా పోయింది. పైన ఎదురుబొదురుగా రెండు కన్నాలు కొడితే గాలి ఇటు నుంచి వచ్చి అటు పోతుంది. మాస్టారు ఊరికే నమ్మే మనిషి కాదు. దారానికి కాగితపు ముక్కలు కట్టి ప్రతి గదిలోనూ వేలాడదీసి, గాలి ఎటు వీస్తోందో వారం రోజులు రాసుకున్నారు. అదే ఊపులో వంటింటి పక్కన ఒక చిన్న గదిని తన కోసం ఉంచుకున్నారు. ఇన్నేళ్ళూ మంచం అంచున కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దారు. ఇక మీదట బల్ల మీద దిద్దాలని ఆశ.

ఇక కన్నాలు కొట్టే మనిషి సంగతి. ఆదివారం సాయంత్రమే మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు.

"మిషన్ అతను రేపట్నుంచి వస్తాడు సార్. అందరూ సొరంగం అంటారు. పని బంగారం. ఒకటే పట్టింపు, నోటి మాట వినడు."

"చెవుడా?"

"చెవుడు కాదు సార్. ఎక్కడో ఒకాయన ఇక్కడ కొట్టమని చెప్పి, తీరా కొట్టాక నేనలా అన్లేదన్నాడట. అప్పట్నుంచి గోడ మీద ఏముంటే అదే చేస్తాడు. నేను వేరే పని మీద ఉంటాను. మీరు ఏం చెప్పాలన్నా గోడ మీద రాసెయ్యండి."

మాస్టారికి ఈ పద్ధతి ఎంతగానో నచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన పేపర్ల మీద ఎర్ర సిరాతో ఎంతో రాశారు. పిల్లలు మార్కు చూసి, మూతి ముడుచుకుని, పేపరు మడిచి పారేశారే తప్ప రాసింది చదివినవాడు ఒక్కడూ లేడు. ఇన్నాళ్ళకు రాసింది రాసినట్టు చదివే మనిషి దొరికాడు. పైగా ఆయన బడికి వెళ్ళాక తొమ్మిదిన్నరకు సొరంగం వస్తాడు. ఆయన పై క్లాసు పిల్లలకు అదనపు పాఠం చెప్పి చీకటిపడ్డాక బయటపడేసరికి సొరంగం వెళ్ళిపోతాడు. ఇద్దరికీ మధ్య గోడలు తప్ప దిక్కు లేదు.

మొత్తం పదకొండు గుండ్రాలు. హాల్లో నాలుగు, పడగ్గదిలో నాలుగు, మాస్టారి చిన్న గదిలో ఒకటి, వంటింట్లో రెండు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పరీక్ష హాల్లో తిరిగినట్టు తిరిగారు. హాల్లో నాలుగూ తప్పు. గాలి వచ్చి కూర్చున్నవాళ్ళ నెత్తిన కొడుతుంది. పడగ్గదిలో నాలుగూ తప్పు. చిన్న గదిలోదీ తప్పే. తొమ్మిదింటికీ అడ్డంగా పెద్ద పెద్ద ఇంటూలు కొట్టారు. వంటింట్లో రెండూ సరిగ్గా ఉన్నాయి. ఆ రెండింటికీ టిక్కు పెట్టి, మనసు ఆగక కింద "బాగుంది. ఇలాగే ఉండాలి" అని గుండ్రటి అక్షరాలతో రాశారు. అంత మెచ్చుకోలు ఆయన చేతి నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది.

మంగళవారం పొద్దున వెళ్ళి చూస్తే హాల్లో నాలుగు, పడగ్గదిలో నాలుగు కన్నాలు ఉన్నాయి. ఎక్కడ వద్దని ఇంటూ కొట్టారో సరిగ్గా అక్కడే. చిన్న గదిలోనూ అంతే. వంటింట్లో మాత్రం సుద్ద గీతలు చెక్కుచెదరలేదు. ఇంకా అక్కడిదాకా రాలేదన్నమాట అనుకున్నారు మాస్టారు.

ఆయనకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఇలాంటి పిల్లవాడు ప్రతి క్లాసులోనూ ఒకడు ఉంటాడు. తప్పని చెప్పిన లెక్కను మళ్ళీ అదే తప్పుతో చేసుకొస్తాడు. అలాంటివాడి మీద అరిస్తే లాభం లేదు, ఓపిగ్గా దిద్దాలి. పడగ్గదిని రేపటికి వదిలి, హాల్లో ఒక్కో కన్నం పక్కన ఒక్కో ఇంటూ కొట్టి, "మళ్ళీ చెయ్యి" అని రాశారు. చిన్న గదిలో కన్నం చోటు తప్పే అయినా అంచులు నున్నగా, పగుళ్ళు లేకుండా వచ్చాయి. పనితనాన్ని బొత్తిగా కాదనడం ధర్మం కాదు. దాని పక్కన "3/10" అని మార్కులు వేసి, కింద గీత గీసి బడికి వెళ్ళిపోయారు.

బుధవారం పొద్దున హాల్లో ఎనిమిది కన్నాలున్నాయి. మళ్ళీ చెయ్యమంటే సొరంగం మళ్ళీ చేశాడు. నాలుగింటికి నాలుగూ, అదే కొలత, అదే నునుపు. చిన్న గదిలో పాత కన్నం కూడా పెద్దదై, మొత్తం మూడు కన్నాలు బయటి వెలుతురును లోపలికి పోస్తున్నాయి. నేల మీద సొరంగం కొలబద్ద మర్చిపోయి వెళ్ళాడు. మాస్టారు దాన్ని తీసి కొలిచారు. ఒక్కోటి సరిగ్గా పది అంగుళాలు ఉంది. మూడు కన్నాలు, పది అంగుళాలు అన్న సంగతి కళ్ళ ముందే ఉన్నా ఆయనకు తట్టలేదు. లెక్కలు వచ్చినవాళ్ళకు ఇలాంటివి తట్టవు.

ఆయనకు తట్టిందల్లా, వీడు మొండికేశాడని. మొండివాడికి ఒకటే మందు. పడగ్గదిలోకి వెళ్ళి, ఇంకా ఎవరూ ముట్టని గోడ ఎంచుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, చెయ్యి బారసాచి, తన జీవితంలోకెల్లా పెద్ద సున్నా వేశారు. వేశాక ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆ మధ్యాహ్నం ఆయన పై క్లాసులో వృత్తాల పాఠం చెబుతుండగా అటెండరు పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ! మీ కొత్తింటి పక్కాయన ఫోన్ చేశారండీ. మీ ఇంటికి పట్టపగలే కన్నం వేస్తున్నారట!"

మాస్టారు నల్లబల్ల వైపు నుంచి తిరగనైనా లేదు. "వేయనీ. నేనే వెయ్యమన్నాను."

అటెండరు చేతులు రెండూ బారజాపాడు. "మనిషి దూరేంత కన్నమటండీ."

"ఆయనకి ప్రతిదీ పెంచి చెప్పడం అలవాటు. పది అంగుళాలకి మించి ఉండదు. పది అంగుళాల్లో మనిషేం దూరతాడు? వెళ్ళి, కంగారు పడొద్దని చెప్పు."

సాయంత్రానికి బడిలో సగంమంది మాస్టారిని కొత్త కళ్ళతో చూశారు. హెడ్మిస్ట్రెస్ పిలిపించి కుర్చీ చూపించింది.

"ఇంటి పని మొదలైనప్పట్నుంచి మీరు బాగా నలిగిపోయారు మాస్టారూ. సొంతింటికి సొంతంగా కన్నం వేయించుకోవడం... ఏదైనా ఇబ్బంది ఉంటే మాతో చెప్పొచ్చు కదా?"

"ఇబ్బందేం లేదండీ. గాలి కోసం."

ఆవిడ రెండు రోజులు సెలవు పెట్టుకోమంది. ఆయన తొమ్మిదేళ్ళలో ఒక్క సెలవూ పెట్టలేదు, ఇప్పుడూ పెట్టలేదు. ముందే ఒకటి పెట్టి ఉంటే ఒక పూటైనా సొరంగాన్ని కలిసేవారు.

గురువారం పొద్దున పడగ్గదిలో అడుగుపెట్టేసరికి ఆయన వేసిన సున్నా లేదు. సున్నా ఉన్నంత మేరా గోడా లేదు. ఆ గుండ్రటి ఖాళీలోంచి ఎనిమిది అడుగుల అవతల కిటికీ, కిటికీలో పక్కింటి పెద్దాయన, ఆయన చేతిలో టీ గ్లాసు కనిపించాయి.

"నమస్కారం మాస్టారూ," అన్నాడు పెద్దాయన. "నిన్న ఫోన్ చేస్తే కంగారు పడొద్దన్నారట. నేను కంగారు పడట్లేదు. ఊరికే అడుగుతున్నా, ఇది కిటికీయా, గుమ్మమా?"

"సున్నా అండీ."

"ఆఁ?"

"సున్నా వేశాను."

"బాగా వేశారు. మా మంచం దాకా కనిపిస్తోంది."

మాస్టారు బయటికొచ్చి ఇసుక కుప్ప మీద కూర్చుని మేస్త్రీకి ఫోన్ చేశారు.

"ఏమయ్యా, నీ సొరంగానికి మతి ఉందా? వద్దన్నచోటల్లా కన్నాలు కొట్టాడు!"

"వద్దనెక్కడన్నారు సార్? గోడ మీద ఉన్నది ఉన్నట్టు కొట్టానంటున్నాడు. ఇంటూ పెట్టినచోట కొట్టాడు, టిక్కు పెట్టినచోట వదిలేశాడు. మీ చేతిరాత ముత్యాల్లా ఉందని కూడా అన్నాడు."

"ఇంటూ అంటే తప్పు అనయ్యా!"

"మా పనిలో ఇంటూ అంటే కొట్టమని సార్. వద్దనుకున్నచోట గుర్తు ఎవరైనా ఎందుకు పెడతారు?"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక పిల్లవాడు కూడా మాస్టారిని ఈ ప్రశ్న అడగలేదు. మూడు బై పదీ, మళ్ళీ చెయ్యడాలూ, సున్నా అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వాటి వెనకే ఇంకొకటి అర్థమై, ఆయన లేచి నిలబడ్డారు.

"మరి వంటిల్లు?"

"అది మీరే బాగుంది, ఇలాగే ఉండాలి అన్నారు కద సార్. ముట్టుకోలేదు. గోడలు ఖాయమైపోయాయి కదాని టైల్సు అతను నిన్నే పని మొదలెట్టి కప్పుదాకా అతికించేశాడు. అద్దంలా ఉంది, చూడండి."

అద్దంలాగే ఉంది. నాలుగు గోడలకూ తెల్లటి పలకలు, మధ్యలో చీమ దూరే సందు కూడా లేదు. మాస్టారు అగ్గిపుల్ల గీసి పట్టుకున్నారు. మంట బొమ్మలో గీసినట్టు కదలకుండా నిలబడింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇల్లంతా గాలి ఊళలు పెడుతుంటే, గాలి కావలసిన ఒక్క గదిలో మాత్రం ఊపిరాడడం లేదు. అంతా తప్పుల తడకైన ఇంట్లో ఆయన రైటు కొట్టింది ఈ ఒక్కదానికే.

పలకలు పగలగొట్టి కన్నాలు కొట్టాలంటే సొరంగం మిషన్ ఇంకోచోటికి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున కానీ తిరిగి రాదు. ఇల్లు చూడ్డానికి భార్య వస్తానన్నదీ ఆ ఆదివారమే. శనివారం మాస్టారు ఆవిడ ముందు అటూ ఇటూ తచ్చాడారు.

"రేపే ఇల్లు చూడ్డం ఎందుకులే. లోపలంతా దుమ్ము."

"ఇరవై ఒక్క ఏళ్ళు పొగ మింగినదాన్ని. దుమ్ము నన్నేం చేస్తుంది?" అందావిడ, దగ్గుతూ.

ఆ దగ్గు వింటుంటే మాస్టారికి మొదటిసారి సిగ్గు వేసింది. గాలి దిశను వారం రోజులు రాసుకున్న మనిషి, ఆ దగ్గును ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఆదివారం పొద్దున మేస్త్రీ, సొరంగం ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సొరంగం నలభై ఏళ్ళ బక్కపలచటి మనిషి. మాస్టారిని చూసి ఎంతో గౌరవంగా దణ్ణం పెట్టాడు. ఇంత స్పష్టంగా పని చెప్పే యజమాని అతనికీ ఇన్నాళ్ళకు దొరికాడు.

మాస్టారి భార్య ఇల్లంతా తిరిగింది. హాల్లో ఎనిమిది కన్నాలు లెక్కపెట్టింది. "మళ్ళీ చెయ్యి" అన్న రాతలు నాలుగూ చదివింది. పడగ్గదిలో సున్నాలోంచి పక్కింటి పెద్దాయన నమస్కారం పెడితే తిరిగి పెట్టింది. ఆవిడకు భర్త చేతిరాత తెలుసు, సొరంగం పట్టింపు గుమ్మంలోనే మేస్త్రీ చెప్పాడు. ఎవరూ ఏమీ విడమరచి చెప్పకుండానే ఆవిడ పెదాలు బిగపట్టడం మొదలుపెట్టింది. అది కోపమో నవ్వో మాస్టారికి తెలియలేదు.

వంటింట్లో ఆవిడ ఒక్క నిమిషం నిలబడింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"మెట్ల కింద గదికే తెల్ల రంగు వేసినట్టుంది," అంది.

"పలకలు తీయించేస్తాను," అన్నారు మాస్టారు. "వారం రోజులు ఆగు. రెండు కన్నాలు..."

ఆవిడ వినిపించుకోకుండా పక్కనున్న చిన్న గదిలోకి వెళ్ళింది. మూడు పెద్ద కన్నాల్లోంచి వచ్చిన గాలి ఆవిడ చెంగును లేపింది. ఆవిడ కదల్లేదు. మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడ నిండుగా ఊపిరి పీల్చింది, వదిలింది, మళ్ళీ పీల్చింది. దగ్గు రాలేదు.

"ఒకటి పొగ పోవడానికి, ఒకటి ఫ్యానుకి, ఒకటి గాలి రావడానికి," అందావిడ వేలితో చూపిస్తూ. "నా పొయ్యి ఇక్కడ పెట్టండి."

"ఇది నా గది!"

"నీళ్ళ పైపు పక్క గోడలోనే ఉందమ్మా," అన్నాడు మేస్త్రీ, ఎటువైపు గాలి వీస్తోందో పసిగట్టి. "ఇటు తిప్పడం ఒక్కపూట పని."

ఆవిడ సొరంగం వైపు తిరిగింది. "గోడ మీద రాసిందే చేస్తావట కదా బాబూ?"

"అవునమ్మా. నోటి మాటలు నాకు పడవు."

ఆవిడ భర్త జేబులోంచి ఎర్ర సుద్దముక్క తీసుకుంది. "3/10"కు పైన, తలుపు వెడల్పున, "వంటిల్లు" అని రాసింది. ఆవిడ రాత మాస్టారి రాతంత బాగా లేదు. అయినా సొరంగం ఒక్కో అక్షరమూ చదువుకుని తలూపాడు.

మాస్టారు నోటితో చాలా చెప్పారు. ఇరవై ఎనిమిదేళ్ళు మంచం అంచున కూర్చున్న సంగతి చెప్పారు. బల్లకు కొలతలు ఇచ్చేసిన సంగతి చెప్పారు. సొరంగం ఎంతో వినయంగా గోడ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇక లాభం లేదని మాస్టారు భార్య చేతిలోంచి సుద్దముక్క లాక్కుని, ఆ మాటను కొట్టేయడానికి చెయ్యెత్తారు.

"సార్! సార్!" అని మేస్త్రీ అడ్డం పడ్డాడు. "ఇంటూ పెట్టకండి, కొట్టేస్తాడు!"

సొరంగం అప్పటికే వంగి మిషన్ పిడి పట్టుకున్నాడు.

మాస్టారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇంటూ పెడితే గోడకు ఇంకో కన్నం పడుతుంది. సున్నా వేస్తే గోడే పోతుంది. మార్కులు వేస్తే ఏమవుతుందో కళ్ళ ముందే ఉంది. ఇన్నేళ్ళ చదువులో వద్దని చెప్పడానికి ఆయన దగ్గర ఒక్క గుర్తు కూడా మిగల్లేదు. భార్య వైపు చూశారు. ఆవిడ ఇటు చూడడం లేదు. మధ్య కన్నానికి మొహం ఆనించి, కళ్ళు మూసుకుని, నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వి ఎన్నేళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయారు. తేలలేదు.

మాస్టారు "వంటిల్లు" పక్కన జాగ్రత్తగా టిక్కు పెట్టారు. సొరంగం మిషన్ కింద పెట్టేశాడు.

తరవాతి నెలలో వాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చారు. హాల్లో ఎనిమిది కన్నాలకూ, పడగ్గదిలో నాలుగింటికీ జాలీలు, పడగ్గది సున్నాకు గుండ్రటి అద్దం పడ్డాయి. మూడు కన్నాల గదిలో పొయ్యి వెలిగింది, దగ్గు ఆగింది. మాస్టారి బల్ల, కుర్చీ, పరీక్ష పేపర్లు తెల్ల పలకల గదికి వెళ్ళాయి. గోడ మీద మళ్ళీ సుద్ద పెట్టే ధైర్యం లేక ఆయన ఆ పలకల జోలికి పోలేదు. ఆ ఉక్కలో పది నిమిషాలకు మించి కూర్చోవడం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడు బడిలో పిల్లలందరికీ లెక్కల్లో మార్కులు ధారాళంగా వచ్చాయి.